బొమ్మ కడుపులోంచి ఆవిరి

పోయిన నెల అమ్మ వాట్సాప్‌లో ఒక వీడియో పంపింది. మా ఊరి జాతర. డప్పుల మోతకి ఫోను స్పీకరు బొంగురుపోయింది. జనం తలల మీంచి రెండు బుట్టబొమ్మలు ఊగుకుంటూ వస్తున్నాయి, ఒకటి మగది, ఒకటి ఆడది. కింద అమ్మ వాయిస్ మెసేజ్: "ఏమే, మీ మాంచెస్టర్ బొమ్మ గుర్తొచ్చి తీశాను."

మాంచెస్టర్ బొమ్మ సంగతి 2021 నాటిది. అప్పుడే రాద్దామని కూర్చుని, రెండు పేరాలు రాసి, ఏదో పనిలో పడి వదిలేశాను. ఇప్పుడు ఆ పేరాలు తీసి చూస్తే అంతా పేపర్లో వార్తలా ఉంది. చెరిపేసి మొదట్నుంచీ రాస్తున్నాను. ముందు బుట్టబొమ్మ గురించి చెప్పాలి. అది చెప్పకపోతే మిగతాది నాకెందుకు అలా తగిలిందో అర్థం కాదు.

బుట్టబొమ్మలా ఉంది అని ఇప్పుడు ముద్దొచ్చే పిల్లని అంటున్నారు గానీ, మా తణుకు వైపు అసలు బుట్టబొమ్మ అంత ముద్దుగా ఏమీ ఉండదు. వెదురు బుట్ట, దాని చుట్టూ చీరో పంచో, పైన ఇంత లావు తల, గుడ్లగూబ కళ్ళు, ఎర్రటి పెదాలు. లోపల ఒక మనిషి దూరి, ఆ బరువంతా భుజాల మీద మోస్తూ డప్పుకి తగ్గట్టు గంతులేస్తాడు. అతనికి దారి కనపడాలి కాబట్టి బొమ్మ కడుపు దగ్గర చిన్న కన్నం ఉంటుంది.

నాకు ఆరేళ్ళప్పుడు ఊరేగింపు మా వీధి మలుపులో కాసేపు ఆగింది. బాగా కనిపిస్తుందని తాతయ్య నన్ను చంకనెత్తుకున్నాడు. సరిగ్గా నా మొహానికి ఎదురుగా ఆ కన్నం. అందులోంచి బీడీ పొగ వచ్చింది. ముందు పొగ, తర్వాత రెండు కళ్ళు, తర్వాత "పాపా, కాసిని మంచినీళ్ళు ఇప్పించమ్మా" అని ఒక గొంతు. నేను కెవ్వుమన్నాను. తాతయ్య నవ్వి, "ఒరేయ్, పిల్ల జడుసుకుంది, బయటికి రా" అన్నాడు. బుట్ట పైకి లేపి బయటికొచ్చింది ఎవరో కాదు, మా పొలంలో కోతలకొచ్చే మనిషే. చెంబెడు నీళ్ళు గటగటా తాగి, తువ్వాలుతో మొహం తుడుచుకుని మళ్ళీ లోపల దూరాడు. దూరగానే నాకు మళ్ళీ భయం వేసింది. లోపల ఎవరున్నాడో ఇప్పుడే చూశాను కదా, అయినా భయమే.

సరే, మాంచెస్టర్.

ఆ బొమ్మ పేరు అమల్. అరబ్బీలో ఆశ అని అర్థం. కథ చిన్నది: తొమ్మిదేళ్ళ సిరియా పిల్ల, తప్పిపోయిన తల్లిని వెతుక్కుంటూ ఒక్కతే బయల్దేరింది. బొమ్మ మాత్రం మూడున్నర మీటర్లు, అంటే మన లెక్కలో పదకొండున్నర అడుగులు. 2021 జులై 27న టర్కీలో, సిరియా సరిహద్దుకి దగ్గరున్న గాజియాంటెప్ ఊళ్ళో నడక మొదలుపెట్టి, గ్రీసు, ఇటలీ, ఫ్రాన్సు, స్విట్జర్లాండ్, జర్మనీ, బెల్జియం దాటి, సముద్రం దాటి, నవంబరు 3న ఇంగ్లండులో నేనుండే మాంచెస్టర్ చేరింది. ఎనిమిది వేల కిలోమీటర్లు. అంతా నడవలేదులెండి, ఊరికీ ఊరికీ మధ్య బండి ఎక్కించారు. ఊళ్ళోకి వచ్చాక మాత్రం నడకే.

దీని వెనక ఉన్నది గుడ్ ఛాన్స్ అనే నాటక బృందం. 2015లో ఫ్రాన్సు రేవు పట్నం కాలేలో శరణార్థుల గుడారాల మధ్య గుమ్మటంలాంటి డేరా వేసి నాటకాలాడించినవాళ్ళు. అక్కడి అనుభవంతో రాసిన నాటకంలో అమల్ ఒక చిన్న పాత్ర. ఆ పాత్రనే ఇంత పొడుగు సాగదీశారు. బొమ్మని చేసింది దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ వాళ్ళు, హ్యాండ్‌స్ప్రింగ్ అని, 1981 నుంచీ ఇదే పనిలో ఉన్నారు. మొత్తం నడకని నడిపించిన దర్శకుడు అమీర్ నిజార్ జుఆబీ, పాలస్తీనా మనిషి.

నాకు నచ్చింది వాళ్ళు పెట్టిన పద్ధతి. వాళ్ళు ఊరికి నాటకాన్ని తీసుకురారు. బొమ్మని తీసుకొస్తారు. ఈ పిల్ల మీ ఊరు వస్తోంది, ఎలా పలకరిస్తారో మీ ఇష్టం అంటారు. ఆ ఊరి పాటగాళ్ళు, బడిపిల్లలు, బ్యాండు మేళం వాళ్ళు ఏదో ఒకటి తయారుచేసుకుంటారు. గాజియాంటెప్‌లో లాంతర్లు పట్టుకుని సాగనంపారు. రోములో పోప్ ఫ్రాన్సిస్ వచ్చి కలిశాడు. గ్రీసులో లారిసా అనే ఊళ్ళో రాళ్ళు విసిరారు. కొండల మీద మఠాలకి పేరుపడ్డ మెటియోరా దగ్గర అయితే, సిరియా నుంచొచ్చే ముస్లిం బొమ్మ మా ఊళ్ళో నడవడానికి వీల్లేదని మున్సిపాలిటీ వాళ్ళే తీర్మానం చేశారు. చిన్నపిల్ల బొమ్మ మీద రాయి విసరాలంటే చేతికి ఎంత కోపం ఉండాలో నాకు ఊహకందదు. కానీ మర్యాదగా చూస్తే అది కూడా ఒక జవాబే కదా. ఎలా పలకరిస్తారో మీ ఇష్టం అన్నారు, వాళ్ళు అలా పలకరించారు.

నేను 2014లో మా ఆయన ఉద్యోగం వీసా మీద వచ్చాను. వేలిముద్రలు, బ్యాంకు కాగితాలు, రెండు సూట్‌కేసులు, అందులో ఒకటి సగం ఆవకాయ. ఎయిర్‌పోర్టులో ఆఫీసరు కాగితం చూసి స్టాంపు కొట్టాడు, అయిపోయింది. ఊళ్ళో నన్నెవరూ పాట పాడి పలకరించలేదు, రాయి కూడా విసరలేదు. చిన్నప్పుడు సోషల్ పుస్తకంలో మాంచెస్టర్ బట్టలొచ్చి మన నేతగాళ్ళ మగ్గాలు మూలపడ్డాయని చదువుకున్నాం కదా, ఆ పేరు తప్ప ఈ ఊరి గురించి నాకేమీ తెలియదు. ఆ బట్టల వ్యాపారానికే పందొమ్మిదో శతాబ్దంలో సిరియా వర్తకులు ఇక్కడికొచ్చి కాపురాలు పెట్టారని చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు. అంటే అమల్ కంటే నూటయాభై ఏళ్ళ ముందే ఈ ఊరికి సిరియావాళ్ళు తెలుసు. అప్పుడు మూటలు మోసుకొచ్చారు కాబట్టి అతిథులు.

శనివారాలు చీతమ్ హిల్‌లో ఒక చర్చి హాల్లో ఇంగ్లీషు మాట్లాడే క్లాసు ఉండేది. టీచర్లేం కాదు, మాలాంటివాళ్ళమే టీ పెట్టుకుని కూర్చుని మాట్లాడిస్తాం. బస్సు టికెట్ ఎలా అడగాలి, డాక్టరు దగ్గర నొప్పి ఎక్కడో ఎలా చెప్పాలి, అలాంటివి. అక్కడ ఒకామె కొడుకుతో వచ్చేది. పేరు రాయను. అరబ్బుల్లో తల్లిని పెద్దకొడుకు పేరుతో పిలవడం మర్యాదట, మన ఊళ్ళల్లో ఫలానావాడి అమ్మ అన్నట్టే. అందుకని ఇక్కడ పిల్లాడి అమ్మ అనే రాస్తాను. పిల్లాడికి ఎనిమిదేళ్ళు. ఇంగ్లీషు వాళ్ళమ్మ కంటే వాడికే బాగా వచ్చు. ఆమె అరబ్బీలో అడిగితే వాడు ఇంగ్లీషులో జవాబు చెప్తాడు, ఆమె మొహం చిన్నబుచ్చుకుంటుంది. మా ఇంట్లో కూడా అదే తంతు కాబట్టి నాకు వేరే అనువాదం అక్కర్లేదు.

ఆశ్రయం కోరుతూ ఆమె పెట్టుకున్న కేసు అప్పటికింకా తేలలేదు. తేలేదాకా ఉద్యోగం చేయకూడదు. ఒక ఏడాది దాటాక అనుమతి అడగొచ్చు గానీ అది ఏ కొద్దిమందికో. ప్రభుత్వం ఇచ్చే ఇంట్లో ఉంటూ, 2021లో తలకి వారానికి కార్డులో పడే 39.63 పౌండ్లతో గడపాల్సి వచ్చేది. ఆ 63 పెన్నీలు ఎవరు లెక్కగట్టారో ఒకసారి చూడాలని ఉంది. ట్రామ్ ఎక్కి ఊళ్ళోకి వెళ్ళి రావడం ఆ డబ్బులో చిన్న విషయం కాదు. అందుకే మనం ముగ్గురం వెళ్దాం, టికెట్లు నావి అన్నాను. "సిస్టర్, బొమ్మని చూడ్డానికా?" అంది అనుమానంగా. పిల్లాడు అప్పటికే బూట్లు వేసుకున్నాడు.

బుధవారం. మర్నాడే దీపావళి. ఇంట్లో గిన్నె నిండా శనగపిండి కలిపి పెట్టి, మా ఆయన్ని బూందీ దూయమని చెప్పి బయటపడ్డాను. (దూయలేదు. పిండికి మూత పెట్టాను అన్నాడు గొప్పగా.) నాలుగున్నరకే చీకటి పడిపోయింది. క్రంప్సాల్‌లో ట్రామ్ ఎక్కాం. దారిలో పిల్లాడు అడిగాడు, "మిస్, మీ దేశంలో పెద్ద బొమ్మలుంటాయా?"

బుట్టబొమ్మ గురించి చెప్పాను. బీడీ పొగ సంగతి చెప్తే వాడు సీట్లోంచి జారేలా నవ్వాడు. తర్వాత ఫోన్లో తోలుబొమ్మలు చూపించాను. మేకతోలు మీద గీసిన హనుమంతుడు, మనిషంత పొడుగు, వెనక దీపం పెడితే రంగులు తెరమీద వెలుగుతాయి. అవి చేసేవాళ్ళు అనంతపురం వైపు నిమ్మలకుంటలో ఉన్నారనీ, వాళ్ళలో దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చిందనీ చెప్పాను. పిల్లాడికి పద్మశ్రీ పట్టలేదు. వాళ్ళమ్మకి ఇంకోటి పట్టింది. ఆ తోలుబొమ్మలాటవాళ్ళ పెద్దలు ఎప్పుడో మరాఠా దేశం నుంచి వచ్చినవాళ్ళు, ఊరూరా తిరిగి తెలుగులో రామాయణం ఆడతారు, ఇంట్లో మాత్రం ఇప్పటికీ మరాఠీలాంటి భాషే మాట్లాడుకుంటారు అని నేను మామూలుగా అన్నాను.

"ఇప్పటికీనా? ఎన్ని తరాలు?"

"చాలా."

ఆమె కొడుకు వైపు తిరిగి అరబ్బీలో గబగబా ఏదో అంది. వాడు కళ్ళు పైకి తిప్పాడు. ఏం చెప్పిందో అడగక్కర్లేదు.

కాసిల్‌ఫీల్డ్ దగ్గర దిగేసరికి జనం. అక్కడ రోమన్లు కట్టిన కోట ఆనవాళ్ళున్నాయి, పాత కాలవలున్నాయి, పైన ఇనుప వంతెనల మీద రైళ్ళు పోతుంటాయి. మధ్యలో మెట్లు మెట్లుగా ఆరుబయట రంగస్థలం, కాసిల్‌ఫీల్డ్ బౌల్ అంటారు. ఊరి ఆర్ట్స్ ఫెస్టివల్ వాళ్ళు కలిసి చేసిన ముగింపు ఆట అక్కడే. వేలమంది ఉన్నారు. మేం ఆలస్యంగా పోయాం కాబట్టి వెనక, పక్కకి, ఒక లావాటాయన వీపు వెనక. నిజం చెప్పాలంటే వేదిక మీద జరిగింది నాకు సగం సగమే కనపడింది. పొడవాటి కర్రల మీద పిట్టల గుంపు కనపడింది. స్వాలో పిట్టలు. చలికాలం మన దగ్గర కరెంటు తీగల మీద బారులు తీరి కూర్చుంటాయే, తోక చీలి ఉంటుంది, ఆ జాతివే. ఇంగ్లండు పిట్టలు మాత్రం చలికాలానికి దక్షిణాఫ్రికా పోతాయి. బొమ్మ చేసినవాళ్ళ ఊరికే. ఏ స్టాంపూ అక్కర్లేదు వాటికి.

ఆ తర్వాత లావాటాయన భుజం పైన అమల్ తల లేచింది.

ఫొటోల్లో చూస్తే పెద్ద బొమ్మ. ఎదురుగా చూస్తే చిన్నపిల్ల. ఇంత పొడుగుండి చిన్నపిల్లలా ఎలా ఉందో నాకు చాలాసేపు అర్థం కాలేదు. తర్వాత పట్టుకున్నాను: ఆ మెడ. ఏ చప్పుడు వినపడ్డా ముందు ఆగిపోతుంది, తర్వాత మెల్లిగా మెడ తిప్పుతుంది, కొత్తింట్లో చుట్టాల పిల్ల గది గుమ్మంలోంచి తొంగిచూసినట్టు. పైన వంతెన మీద రైలు పోతే తల ఎత్తి అది పోయేదాకా చూసింది. నాటకంలో ఉందో లేదో తెలియదు, నాకయితే రైలు నిజంగా అప్పుడే వచ్చినట్టనిపించింది.

ఆట అయ్యాక జనం కొంచెం పలచబడ్డారు. తాడు పక్కనుంచి దూరి పిల్లాణ్ణి ముందుకి తోశాను. అమల్ మా ముందునుంచే వెళ్ళింది, ఆరేడు అడుగుల దూరంలో. అప్పుడు లోపల చూశాను. ఒళ్ళంతా పేముబద్దలూ కార్బన్ ఫైబరూ, పల్చటి బట్ట వెనక పంజరంలా. ఒక్కో చేతికి ఒక్కో మనిషి కర్ర పట్టుకుని పక్కన నడుస్తున్నారు. మూడో మనిషి పంజరం లోపల, కర్రకాళ్ళ మీద. నడకంతా అతనిదే, మొహం కదిలించేదీ అతనే, లోపల వీణలాగా తీగలుంటాయట, వాటిని లాగితే మొహం కదులుతుంది. చిన్న గాలి వీస్తే చాలు, ఇంత పొడుగు బొమ్మ తెరచాప అయిపోతుంది. ఆ గాలిని కూడా అతనే కాళ్ళతో కాచుకోవాలి. బొమ్మ ఆడించేవాళ్ళలో కొందరు తామే ఇల్లూ దేశం వదిలి వచ్చినవాళ్ళని ఎక్కడో చదివాను. ఈ లోపలి మనిషి ఎవరో తెలియదు.

బాగా చలిగా ఉంది. అందరి నోళ్ళలోంచీ ఆవిరి వస్తోంది. అమల్ రొమ్ము దగ్గర బట్ట వెనకనుంచి కూడా ఆవిరి వచ్చింది. ఒక్కసారి, మళ్ళీ ఇంకోసారి, ఆయాసపడుతున్న మనిషి ఊపిరి. నాకు తాతయ్య చంక, తెల్లటి బీడీ పొగ, కన్నంలో కళ్ళు, అన్నీ ఒక్కసారి వచ్చి మీదపడ్డాయి. ఎవరైనా ఇతనికి కాసిని మంచినీళ్ళిస్తే బాగుండు అనుకున్నాను. అనుకుంటూనే ఆ బొమ్మ నా వైపు మెడ తిప్పితే ఒక అడుగు వెనక్కి వేశాను. ముప్ఫై ఆరేళ్ళ మనిషిని.

పిల్లాడు చెయ్యి ఊపాడు. అమల్ ఆగి వంగింది. పెద్ద అరచెయ్యి ఒకటి వాడి తల మీదికి వచ్చి, తగలకుండా అక్కడే నిలబడింది. వాడు ఊపిరి బిగబట్టాడు. చుట్టూ ఫోన్లు లేచాయి.

పిల్లాడి అమ్మ ఫోను తీయలేదు. బొమ్మని కింది నుంచి పైదాకా చూసి, నా చెవి దగ్గరికి వంగి అంది: "ఇంత పొడుగా? మేం వంగి నడిచాం, సిస్టర్."

ఏమనాలో తెలియక ఊరుకున్నాను. ఆమే మళ్ళీ అంది. రాత్రిళ్ళు నడిచారట. వీడికి అప్పుడు మాటలు సరిగా రావు, ఏడిస్తే నోటి మీద చెయ్యి పెట్టేదట. ఎవరికీ కనపడకుండా ఉండడమే అప్పటి పని. "ఇది ఇలా నడిస్తే మొదటి బోర్డరు దగ్గరే పట్టుకుంటారు."

"ఎవరూ చూడలేదని చెప్పడానికి లేకుండా ఉండాలనే ఇంత పొడుగు చేశారేమో," అన్నాను.

ఆమె కొంచెంసేపు ఆలోచించింది. "మంచిదే," అంది. "నేను కూడా ఇప్పుడు అంత పొడుగైతే ఆఫీసులో నా ఫైలు దొరుకుతుంది."

అంటూ నవ్వింది. ఆమె జోకు వేయడం నేను అదే మొదటిసారి చూడటం.

ఆ బొమ్మ మీద పెట్టిన డబ్బు మనుషులకి ఇచ్చి ఉండొచ్చు కదా అని మా ఆఫీసులో ఒకాయన అన్నాడు తర్వాత. ఇదివరకు ఆ డబ్బు మనుషులకి ఇద్దామని ఆయన ఎప్పుడూ అనగా నేను వినలేదు. అయినా ఆ ప్రశ్న నన్నూ కొంచెం గుచ్చింది. అదే నెలల్లో లండన్ పార్లమెంటులో ఒక బిల్లు నడుస్తోంది, అనుమతి లేకుండా ఈ దేశం చేరడమే నేరం అయ్యేలా. 2022 ఏప్రిల్లో చట్టం కూడా అయింది. అమల్ మాంచెస్టర్ చేరిన మూడు వారాలకి, నవంబరు 24న, అదే కాలే వైపు నుంచి బయల్దేరిన గాలి నింపిన పడవ ఇంగ్లీషు ఛానల్లో మునిగి కనీసం 27 మంది చనిపోయారు. ఆ శనివారం క్లాసులో ఎవరూ అమల్ మాట ఎత్తలేదు. టీ చల్లారిపోయింది, అంతే. బొమ్మ మాత్రం ఆగలేదు. నవంబరు 9న గ్లాస్గో వాతావరణ సదస్సుకి వెళ్ళింది, తర్వాత న్యూయార్క్, 2023లో అమెరికా అడ్డంగా నడిచింది. నేను వెంబడించలేదు. నా బొమ్మ కాసిల్‌ఫీల్డ్‌లోనే ఉంది.

తిరుగు ట్రామ్‌లో పిల్లాడు నిద్రకి తూగుతూ అడిగాడు, ఈసారి అరబ్బీలో. వాళ్ళమ్మ నాకోసం ఇంగ్లీషు చేసింది: "అమల్ వాళ్ళమ్మ వచ్చిందా అంటున్నాడు."

"ఏం చెప్పారు?"

"దారిలో ఉంది అన్నాను."

మర్నాడు సాయంత్రం దీపావళికి మా ఇంటికి రమ్మన్నాను. రమ్మన్నాక గుర్తొచ్చింది, ఇక్కడ నవంబరు 5న గై ఫాక్స్ పండగ, ఆ వారమంతా వీధుల్లో టపాకాయలు పేలుతూనే ఉంటాయి, మన దీపావళి కూడా వచ్చి పక్కన చేరింది. పొద్దున్నే అమ్మ ఫోను. రాత్రి నేను పంపిన వీడియో చూసినట్టుంది, "అది మన బుట్టబొమ్మే కదే, కాస్త ఎక్కువ తిండి పెట్టారు" అంది. టపాకాయల సంగతి చెప్తే, "పిల్లాడు జడుసుకుంటాడేమో, చప్పుడు లేనివి కాల్చండి" అంది. మా ఆయన లక్ష్మీబాంబులు లోపల దాచేసి కాకరపువ్వొత్తుల డబ్బాలు నాలుగు తెచ్చాడు. ఈసారి చెప్పిన పని చేశాడు.

వాళ్ళు వచ్చారు. పక్కవీధిలో ఏదో పేలినప్పుడల్లా ఆమె భుజాలు దగ్గరకి ముడుచుకునేవి, పిల్లాడికి మాత్రం ఏమీ గుర్తున్నట్టు లేదు. లడ్డూ విరిగిపోతోందని నేను సిగ్గుపడుతుంటే ఆమె చెంచాతో తినేసింది. పెరట్లో మా అమ్మాయి కాకరపువ్వొత్తితో గాల్లో పేరు రాయడం వాడికి నేర్పింది, ఇక్కడి పిల్లలంతా చేసేదే. వాడు ఇంగ్లీషులో రాశాడు, రెండుసార్లు. వాళ్ళమ్మ గుమ్మంలోంచి ఏదో అంది. వాడు మూడో ఒత్తి అందుకుని, చెయ్యి ఇటు పక్కకి చాచి, కుడి నుంచి ఎడమకి మొదలుపెట్టాడు. సగంలో ఆగి ఆమె వైపు చూశాడు. ఆమె దగ్గరికొచ్చి వాడి మణికట్టు పట్టుకుంది. రెండో అక్షరం దగ్గర ఒత్తి ఆరిపోయింది. మా ఆయన ఇంకో డబ్బా విప్పాడు.